పంతొమ్మిదో వారం

లోపలి గదిలో కాగితం తిప్పిన చప్పుడైంది. డెబ్బై తొమ్మిది, అనుకుంది నాగశ్రీ. ఎనభై కూడా కావచ్చు, ఎందుకంటే ఇందాక కురుమమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు ఒక చప్పుడు వినకుండా పోయి ఉండొచ్చు. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తు ఫ్లాటు ముందుగదిలో, పేము కుర్చీ అంచున కూర్చుని, పక్కగదిలో డెబ్బై ఎనిమిదేళ్ల కమలాకుమారిగారు భూతద్దం పెట్టి నాగశ్రీ రాసిన వెబ్ సిరీస్ స్క్రిప్టు చదువుతుంటే పేజీలు చెవులతో లెక్కపెట్టుకునే పని ఒకటి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఎనభై మూడు దాకా ఫరవాలేదు. అంతదాకా ఉన్నదంతా ఆవిడ తన పాత సీరియల్లో రాసిందే. ఎనభై నాలుగో పేజీలో ఉన్నది ఆవిడ రాయలేదు, ఆ సంగతి నాగశ్రీకి ఇవాళ పొద్దున పదిన్నరకు తెలిసింది, స్క్రిప్టు నిన్ననే ఆవిడ చేతికిచ్చింది, ఇవాళ తను వచ్చేసరికి ఆవిడ అరవయ్యో పేజీలో ఉన్నారు. పన్నెండింటికి డైరెక్టర్ ఫణికిరణ్ ఫోన్ చేస్తాడు, స్క్రిప్టు మీద ఆవిడ సంతకం అయిందా అక్కా అని అడుగుతాడు. ఇప్పుడు పదకొండుం పావు.

మజ్జిగలో అల్లం ఎక్కువైంది. అయినా బాగుంది. కురుమమ్మ గుమ్మం దగ్గర బీరకాయల చెక్కు తీస్తూ, జర ఆగు బిడ్డా, నడ్మల పలకరిస్తె టీచరమ్మకు కోపమైతది అని ముందే హెచ్చరించింది. పాలమూరు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటున్న మనిషి, ఆవిడ కోపతాపాలన్నీ కొట్టినపిండి. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన టీచరు, నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో ‘ఆరో వాటా’ అనే సీరియల్ రాసి రాష్ట్రంలో సగం మంది ఆడవాళ్లను తెల్లవారుజామున కుళాయి దగ్గరికి ఒంటరిగా వెళ్లకుండా చేసిన మనిషి, ఎలా ఉంటుందో అని నాగశ్రీ మొదటిసారి వచ్చినప్పుడు చెప్పుల స్టాండు పక్కనే రెండు నిమిషాలు నిలబడిపోయింది. తలుపు తీసింది కురుమమ్మే, తీసి నవ్వింది. “గిన్ని దయ్యాల కథలు రాసింది గని, బల్లి కనవడితె మంచమెక్కుతది,” అంది. ఆ ఒక్క మాటతో భయం పోయింది, గౌరవం మాత్రం అలాగే ఉండిపోయింది. గౌరవం ఎందుకంటే ఆవిడ అంతకుముందు ఇద్దర్ని వెనక్కి పంపేశారు. ముప్పై ఏళ్ల కిందట వచ్చిన సినిమా ఆయన కుళాయి చుట్టూ పన్నెండు మంది బిందెలతో డాన్సు చేసే పాట పెడతానన్నాడట, పైగా ఆవిడ దగ్గరున్న పత్రికలన్నీ చదివి ఇస్తానని పట్టుకుపోయి తిరిగివ్వలేదు. రెండో ఆయన దెయ్యానికి ప్రేమకథ పెట్టాడు. నేను రాయనిది నా పేరు మీద వెయ్యొద్దని చెప్పి ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపించేశారు. నాగశ్రీకి ఇవాళ మజ్జిగ దొరికింది, అదే నయం.

ఎనభై ఒకటి. చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు ఆవిడ చదువుతున్నది నాలుగో ఎపిసోడ్, బిందెల వరస. ఆ వరస కోసమే కదా తొమ్మిది డ్రాఫ్టులు అయ్యాయి. కథ చెప్పుకుంటే ఇంతే: ఒక పాత ఇంట్లో ఐదు వాటాలు, ఐదు కాపురాలు, ఆరో వాటాకు తాళం. అందరికీ కలిపి వాకిట్లో ఒకటే కుళాయి, తెల్లవారుజామున గంటసేపు నీళ్లు. ముందురోజు సాయంత్రమే ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టుకుని పోతారు, ఐదు బిందెలు, తెల్లారి చూస్తే ఆరుంటాయి. నవల్లో ఆ చోట రెండే వాక్యాలు. ‘ఆరో బిందె ఎవరిదని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లదే అవుతుందేమోనని భయం.’ ఈ రెండు వాక్యాలను తెర మీద ఎలా పెట్టాలి? పుస్తకం చదివేవాడు ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టుకుంటూ ఆరు దగ్గర ఆగిపోతాడు, వెన్నులో చలి పుడుతుంది. తెర చూసేవాడికి ఆరూ ఒకేసారి కనిపిస్తాయి, ఐదుంటే ఏమిటి, ఆరుంటే ఏమిటి. నాలుగో డ్రాఫ్టులో ఒకావిడ చేత పైకి లెక్కపెట్టించింది, చదివిన ప్రతివాడూ నవ్వాడు. ఏడో డ్రాఫ్టుకు ఫణికిరణ్ నారాయణగూడలో అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుని మిగిలిన ఒక పెంకుటిల్లు వెతికి, ఆరు ఇత్తడి బిందెలు తెచ్చి, శ్రద్ధగా షూట్ చేశాడు. మానిటర్లో చూస్తే ఇత్తడి సామాన్ల కొట్టు ప్రకటనలా ఉంది. పాపం, వాడు మంచివాడు. పుట్టి పెరిగింది అక్కడే, రాత్రింబవళ్లు సినిమాయే ధ్యాస, అక్కా అని పిలిచాడంటే అన్నం తిన్నావా అని కూడా అడుగుతాడు. కాని దెయ్యాన్ని చూపించాలి అంటాడు. “చూపియ్యకుంటే దాచిపెట్టినమని అనుకోరక్కా, మనకు బడ్జెట్ లేదనుకుంటరు,” అన్నాడు ఒకసారి. దానికి నాగశ్రీ నవ్వేసింది, ఆ నవ్వుకు వాడు అయిదు నెలలు ఆగాడు.

చదివేవాళ్ల దెయ్యం ఎవరిది వాళ్లకుంటుంది, అదీ అసలు గొడవ. నాగశ్రీకి పదేళ్లప్పుడు ఆరో వాటాలో ఉన్న మనిషికి అమ్మమ్మ వాళ్ల ఎదురింటి మెట్లూ, వాళ్ల పెరటి తలుపూ, వాళ్లింట్లో పోయిన ఒక ముసలావిడ దగ్గూ ఉండేవి. ఆ మెట్లు కెమెరాలోకి రావు. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల చదివి ఉంటే ఆమెకు ఇంకో మెట్లు. పైగా సీరియల్‌కు ఏడు రోజుల ఆకలి ఉండేది. తలుపు గొళ్లెం కదిలింది, వచ్చేవారం అని ఆపేస్తే, శుక్రవారం నుంచి గురువారం దాకా ఇంటిల్లిపాదీ ఆ గొళ్లెం దగ్గరే నిలబడేవారట. తాతయ్య ధర్మారావుగారు ఆఫీసులో కూడా ఎవరు తీసి ఉంటారని పందేలు వేసేవారట. ఇప్పుడు ఓటీటీలో తెర ఐదు సెకన్లు లెక్కపెట్టి తరవాతి భాగం దానంతటదే మొదలవుతుంది, ఐదు సెకన్లలో మనిషి భయపడడానికి తీరికెక్కడ? అశోక్‌నగర్‌లో తన గది కింద ఇద్దరమ్మాయిలు గ్రూప్స్‌కు చదువుతూ అన్నం తినేటప్పుడు ఫోన్లో హారర్ సిరీస్ పెట్టుకుంటారు, భయం లేదా అంటే, భయం పరీక్షదక్కా అంటారు. స్క్రిప్టు ప్రింటు తీసిన జిరాక్స్ షాపు బుగ్గయ్య కూడా అంతే. పాలిటీ నోట్సుకూ కరెంట్ అఫైర్స్‌కూ మధ్య దీన్ని స్పైరల్ చుడుతూ, ఇది ఏ ఎగ్జామ్‌కక్కా అని అడిగాడు. ఇవాళ్టికి ఇదే ఎగ్జామ్, దిద్దే మనిషి లెక్కల టీచరు.

ఎనభై రెండు. అమ్మమ్మ ఉంటే ఈపాటికి తన చెయ్యి పట్టుకుని, ఏమవుతుందే, మహా అయితే వద్దంటుంది అనేది. బుల్లెమ్మ, ఆ మనిషి, పెళ్లయిన కొత్తలో గుడివాడ దగ్గరి పల్లె నుంచి నారాయణగూడకు వచ్చి ఒక వాటాలో పదిహేడేళ్లు కాపురం చేసింది, ఆరేళ్ల కిందట పోయింది. ఆవిడకు పుస్తకాలు కొనే స్తోమత లేదు, చేసుకునే నేర్పు ఉంది. వారపత్రిక ఇంట్లో అందరూ చదవడం అయ్యాక, సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సీరియల్ అయిపోయాక గోనెసంచుల దబ్బనంతో చిల్లులు పొడిచి పురికొసతో కుట్టేది. పైన చీరల పెట్టె అట్ట, దాని మీద క్యాలెండరు కాగితం. పేజీల వెనక సగం వంటల శీర్షికా, సగం రాశిఫలాలూ ఉండేవి. అలాంటివి ఇరవై ఒకటి కుట్టింది, అందులో ‘ఆరో వాటా’ ఒకటి. అది పుస్తకంగా అచ్చు కాలేదు, రాసినావిడ దగ్గర లేదు, కాబట్టి నాగశ్రీ తొమ్మిది డ్రాఫ్టులూ ఆ పురికొస పుస్తకంలోంచే రాసింది. దాన్లో ఒక్క వారం లేదు. పద్దెనిమిది తరవాత ఇరవై. పదేళ్ల నాగశ్రీ అక్కడికొచ్చి ఆగిపోతే, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆ వారం పక్కవాటా వాళ్లు పట్టుకెళ్లి ఇవ్వలేదే, నేను చెబుతా విను అని అమ్మమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ప్రతి వేసవి సెలవుల్లోనూ చెప్పింది. చెప్పినప్పుడు గొంతు తగ్గించేది కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ మామూలుగా చెప్పేది, అందుకే ఇంకా భయమేసేది.

అమ్మమ్మ చెప్పింది ఇది. ఐదుగురు ఆడవాళ్లూ ఆరో బిందెను తాకకుండా తమవి ముందుకు జరుపుకుంటారు, అది ఎప్పుడూ ఆఖరున మిగులుతుంది, దాని వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోతాయి. వాళ్లలో కొత్తగా దిగిన మహేశ్వరి ఇరవై రోజులు చూస్తుంది. ఒకనాడు అందరికంటే ముందు లేచి, తన బిందె పక్కకు జరిపి, ఆరో బిందెను కుళాయి కింద పెడుతుంది. నిండాక నడుముకెత్తుకుంటుంది. తాళం వేసిన గుమ్మం దగ్గర దించి, ఎవరో చుట్టం ఇంటికి వెళ్లినట్టు, నీళ్లు తెచ్చానండీ అని చెప్పి వచ్చేస్తుంది. అంతే. ఇరవయ్యో వారం ‘మర్నాడు కుళాయి దగ్గర ఐదు బిందెలే ఉన్నాయి’ అని మొదలవుతుంది కాబట్టి, అతుకు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. స్క్రిప్టు చదివిన ప్రతివాళ్లూ, ఫణికిరణ్‌తో సహా, ఆ సీను దగ్గర మాట్లాడకుండా కూర్చున్నారు. ఇది చాలక్కా అని వాడే అన్నాడు. కమలాకుమారిగారి కలం అంటే అదీ అని నాగశ్రీ అందరితో చెప్పింది, నిజమనే నమ్మింది.

పోస్టరు కోసం ఆ పత్రిక ముఖచిత్రం ఒకటి కావాలని గాంధీనగర్‌లో పాత పత్రికలు పోగుచేసే సుందరరావుగారిని మూడు నెలల కిందట అడిగి మర్చిపోయింది. ఇవాళ పొద్దున ఈ ఇంటికి నడిచి వస్తుంటే, అశోక్‌నగర్ మలుపులో ఇడ్లీ బండి దగ్గర, ఫోన్లో ఆయన ఫొటోలు వచ్చాయి. ముఖచిత్రం ఒకటే కాదు, ఆ సంచికలోని సీరియల్ కూడా నాలుగు పేజీలు. పంతొమ్మిదో వారం. నిలబడి చదివింది. దాన్లో బిందె లేదు. మహేశ్వరి ఆరో వాటా తలుపు సందులోంచి తొంగిచూస్తుంది, లోపల జుట్టు విరబోసుకున్న ఆకారం, రక్తం కారే కళ్లు, పొడుగాటి గోళ్లు, వికటాట్టహాసం కూడా ఉంది, మహేశ్వరి కెవ్వున అరిచి మూర్ఛపోతుంది. ఇడ్లీ బండి పక్కన ఎండలో ఆమెకు మొదట నవ్వొచ్చింది, తరవాత ఎనభై నాలుగో పేజీ గుర్తొచ్చింది. ఇది ఫణికిరణ్‌కు పంపితే వాడు ఎగిరి గంతేస్తాడు, అసలు కథలోనే ఉంది కదక్కా, దెయ్యాన్ని టీచరమ్మే చూపించింది కదా అంటాడు. చూపించకపోతే లోపల ఉన్నావిడ తను రాయని సీను చదివి, కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేస్తారు. అయిదు నెలల పని, మొదటిసారి తన పేరు పడబోయే పని, ఎనభై నాలుగో పేజీ మీద వేలాడుతోంది. పంపలేదు. డిలీట్ చెయ్యలేదు. ఫోను సంచిలో అడుక్కి తోసి మెట్లెక్కి వచ్చి కూర్చుంది.

ఎనభై మూడు. ఇంకొక్కటి. ఎవరు పట్టుకెళ్లారన్నది అమ్మమ్మ ఆ వారం పత్రికను? పక్కవాటా సుహాసిని వాళ్లమ్మ అని ఒక ఏడు చెప్పినట్టు గుర్తు. ఇంకో ఏడు పండక్కి వచ్చిన తోడికోడలు అంది. ఇంకోసారి, పాలావిడ కాగితం కావాలంటే తాతయ్య చూసుకోకుండా ఇచ్చేశారంది, తాతయ్య పేపరు చాటునుంచి ఏదో అనబోయి ఊరుకున్నారు. ప్రతి ఏడాదీ దొంగ మారిపోయేవాడు. ఇరవై ఒక్క పుస్తకాల్లో ఒక్క పేజీ పోనివ్వని మనిషి, ధోబీ పద్దులు కూడా కుట్టి దాచిన మనిషి, సరిగ్గా ఆ ఒక్క వారం పోగొట్టుకుందా? నాగశ్రీ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. అమ్మమ్మా, ఎవరూ పట్టుకెళ్లలేదు కదూ. నువ్వే కుట్టలేదు. చదివి, నచ్చక, తీసి పక్కన పెట్టి, ఆ చోట నీది చెప్పావు. తెల్లారగట్ల కుళాయి దగ్గర పదిహేడేళ్లు నిలబడ్డ మనిషివి, దెయ్యమైనా సరే వంతు రాకుండా నీళ్లు ఆగిపోతే నీకు మనసొప్పలేదు. నాగశ్రీకి ఏడుపొచ్చింది, ఎంత ముద్దొచ్చిందో ఆవిడ, ఆ దొంగ ముసలమ్మ, ఇప్పుడు ఎదురుగా ఉంటే బుగ్గలు పిండేసేది.

కాగితం తిరిగింది. ఎనభై నాలుగు. తరవాత ఏ చప్పుడూ లేదు. ఎనభై ఐదు రావాలి, రాలేదు. కురుమమ్మ చెక్కు తీయడం ఆపి లోపలికి చూసింది. కింద సందులో చింతచిగురు అమ్ముతున్న బండివాడు ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా అరుచుకుంటూ వెళ్లిపోయాడు. ఒక పేజీ చదవడానికి ఇంతసేపు పట్టదు, అక్షరాలు చిన్నవైనా పట్టదు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చదువుతున్నారేమో, తను రాయనిది ఎక్కడ మొదలైందో గీత గీస్తున్నారేమో. కుళాయి దగ్గర ఆ ఐదుగురు ఆడవాళ్లు ఎలా నిలబడి ఉంటారో అయిదు నెలలుగా రాస్తోంది గాని, ఇప్పుడే తెలిసింది. అప్పుడు లోపలి నుంచి పిలుపు వచ్చింది, నాగశ్రీ, ఇలా రామ్మా అని.

కమలాకుమారిగారు కిటికీ పక్కన మంచం మీద, స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. భూతద్దం పక్కన పడుంది. కళ్లద్దాలు తీసి చెంగుతో తుడుస్తున్నారు, తడిసింది అద్దాలు కాదు.

“ఇది నేనే రాశానా?” అన్నారు. “ఈ బిందె తీసుకెళ్లి పెట్టడం. ఎంత బాగుందమ్మా. నాకు బొత్తిగా గుర్తులేదు, ఈ మధ్య చాలా మర్చిపోతున్నాను. ఇంత బాగా రాశానా నేను?”

నాగశ్రీ దీన్ని ఊహించలేదు. కోపానికి సిద్ధపడి వచ్చింది, క్షమాపణలు రెండు మూడు రకాలుగా కట్టుకుని వచ్చింది. ఇప్పుడు అవునండీ అంటే చాలు. అవునండీ అంటే ఆ మొహం అలాగే ఉంటుంది, సంతకం అయిపోతుంది, దెయ్యాన్ని చూపించే బాధ తప్పుతుంది, సుందరరావుగారి ఫొటోలు ఫోన్లోనే పడుంటాయి. ఇంత పెద్దావిడను ఇంత సంతోషపెట్టే అబద్ధం తప్పెలా అవుతుంది? కాని అమ్మమ్మ ఉంది. బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని, తన మాటను ఇంకొకరి మాట అని చెప్పి, ఎన్నో వేసవులు ఆ పేరు చాటున దాక్కున్న మనిషి. ఇప్పుడు అవునండీ అంటే ఆవిడ ఇక ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది.

“లేదండీ,” అంది నాగశ్రీ. “మీరు రాయలేదు. మా అమ్మమ్మ చెప్పింది.”

అంతా చెప్పేసింది. దబ్బనం, పురికొస, పద్దెనిమిది తరవాత ఇరవై, ఏటేటా మారిన దొంగ, పొద్దున వచ్చిన ఫొటోలు. ఫోన్ తీసి చూపించింది కూడా. కమలాకుమారిగారు అక్షరాలు పెద్దవి చేయించుకుని నాలుగు పేజీలూ చదివారు. మొహంలో ఇందాకటి వెలుగు లేదు, నాగశ్రీకి తన నాలుక కొరుక్కోవాలనిపించింది. వికటాట్టహాసం దగ్గర మాత్రం ఆవిడ పెదవి కొంచెం కదిలింది.

“అందుకే అనుమానం వచ్చింది,” అన్నారు చివరికి. “నా మహేశ్వరికి ఇంత మనసు లేదు. దాన్ని మూర్ఛపోగొట్టాను. దెయ్యం ఎప్పుడు కనిపిస్తుందని ఉత్తరాలు గుట్టలుగా వస్తున్నాయి, చూపించెయ్యండి అని ఎడిటర్‌గారు. సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతూ ఒక్కపూటలో రాసి పడేశాను. మా ఇంట్లో బావి ఉండేదమ్మా. నేనెప్పుడూ ఆ కుళాయి దగ్గర నిలబడలేదు, కిటికీలోంచి చూసి రాశాను.” ఫోన్ నాగశ్రీ చేతికిచ్చారు. “మీ అమ్మమ్మ నిలబడింది కదూ.”

నిలబడిందండీ అంది నాగశ్రీ.

అదేంటో ఆవిడకు నవ్వొచ్చింది, చిన్నగా మొదలై దగ్గు దాకా వెళ్లింది, కురుమమ్మ నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. లక్షమంది చదివారట ఆ సీరియల్‌ని, ఒక్కరూ ఆ వారం బాగాలేదని రాయలేదు, ఒకావిడ మాత్రం మాటామంతీ లేకుండా తీసి అవతల పారేసింది, టీచర్నయి ఉండి నా పేపరు ఒకరు ఇలా దిద్దారని నలభై ఏళ్లకు తెలిసింది అని నీళ్లు తాగుతూ నవ్వుతూనే ఉన్నారు. పన్నెండైంది. ఫోన్ మోగింది. ఫణికిరణే. ఇలా ఇవ్వమని చెయ్యి చాపి, ఆవిడే మాట్లాడారు. ఆ అబ్బాయి ఏం అడిగాడో నాగశ్రీకి వినపడలేదు గాని, ఆవిడ చెప్పింది విన్నది.

“నాయనా, దెయ్యాన్ని నేనొకసారి చూపించాను. చూసినావిడ భయపడలేదు, చింపి తీసేసింది. నువ్వు చూపించకు.”

అవతల నుంచి సరే మేడం అన్నట్టే ఉంది. ఆవిడ ఫోన్ ఇచ్చేసి, పెన్ను అడిగి, స్క్రిప్టు మొదటి పేజీకి తిప్పారు. అక్కడ ‘మూలకథ: కమలాకుమారి’ అని ప్రింటయి ఉంది. దాని కింద, నల్లబల్ల మీద రాసి రాసి అలవాటైన గుండ్రటి అక్షరాలతో, వంకర పోకుండా, ‘పంతొమ్మిదో వారం’ అని రాసి రెండు చుక్కలు పెట్టారు. పెన్ను ఎత్తకుండానే నాగశ్రీ వైపు చూశారు.

“పేరు చెప్పమ్మా.”

రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చు కాని పేరు. కూతురి శుభలేఖలో కూడా ‘శ్రీమతి ధర్మారావు’ అనే వేశారు.

“బుల్లెమ్మ,” అంది నాగశ్రీ, ఆవిడ రాసుకునే దాకా ఆగి, ఇంటిపేరు కూడా చెప్పింది.